మెట్ల కింది బండి

ఇరవై నెలలు కదలని మోటార్‌సైకిల్‌ను అమ్మకానికి సిద్ధం చేయడమంటే ఇంజన్‌కు ప్రాణం పోయడమే అనుకున్నాను. అసలు మరమ్మతు కాగితాల్లో ఉందని కోసాడ్ వెళ్లాక తెలిసింది.

మొదట చూసినప్పుడు అది బండిలా లేదు. సీటు మీద ఎవరో ప్లాస్టిక్ బకెట్ బోర్లించారు. హ్యాండిల్‌కు తడి బట్టలు వేలాడుతున్నాయి. గాలి పోయిన టైర్లు నేలకు అతుక్కుపోయాయి. పిల్లలు మడ్‌గార్డ్ మీద సుద్దముక్కతో గీతలు గీశారు. వెనక్కి వెళ్లి దుమ్ము తుడిస్తే నంబరు బయటపడింది: ఏపీ 15. వీధి నిండా జీజే 05 బండ్లే ఉన్న చోట అదొక్కటే పరాయి రాష్ట్రపుది. మా చిన్నాయన స్ప్లెండర్ అది.

సూరత్‌లో తాపీ నదికి ఉత్తరాన, అమ్రోలి పక్కనే ఉంటుంది కోసాడ్. ముంబయి-అహ్మదాబాద్ రైలు మార్గంలో చిన్న స్టేషన్. నగరంలోని మురికివాడల నుంచి తరలించిన కుటుంబాల కోసం జేఎన్ఎన్‌యూఆర్ఎం కింద కట్టిన ఇళ్లు వరుసలు వరుసలుగా కనిపిస్తాయి. మరమగ్గాల కార్మికులకు చుట్టుపక్కల ఇంకా చౌకగా గదులు దొరుకుతాయి. ఈ నగరంలో తెలుగువారిని వెతకాలంటే ఎవరైనా లింబాయత్ పంపిస్తారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నేత కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడ స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. మా చిన్నాయనా ముందు లింబాయత్‌లోనే ఉండేవాడు. అద్దె తక్కువని నది దాటి ఇటు వచ్చాడు.

ఆయన సిరిసిల్ల నుంచి తొలిసారి సూరత్ వెళ్లింది 1993లో. మరుసటి ఏడాది సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది నగరం విడిచి పారిపోయినప్పుడు ఆయనా రైలెక్కాడు. కొన్ని నెలలకే తిరిగి వెళ్లాడు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నుంచి వదిలిన నీరు నగరాన్ని ముంచెత్తినప్పుడు రెండు రోజులు మేడ మీద గడిపాడు. ఇక చాలని 2011లో సొంతూరు చేరాడు. 2012లో అప్పు తీసుకుని ఈ బండి కొన్నాడు. కానీ సిరిసిల్ల మగ్గాల మీద నెలంతా పని దొరకలేదు. 2014లో మళ్లీ సూరత్ బయల్దేరాడు. ఈసారి బండిని వదిలి వెళ్లడానికి మనసొప్పక వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌కు పార్సిల్ చేసి వెంట తీసుకెళ్లాడు.

2023 మార్చిలో రాత్రి షిఫ్టు నడుస్తుండగా కుడి కాలు, కుడి చేయి పడిపోయాయి. చిన్నమ్మ వచ్చి ఇంటికి తీసుకెళ్లింది. బండి మెట్ల కిందే మిగిలింది. అమ్ముదామని ఎవరైనా అంటే చిన్నాయన మాట మార్చేవాడు. అది అక్కడ ఉన్నంత కాలం తాను మళ్లీ సూరత్ వెళ్తానన్న ఆశ ఆయనకు ఉండి ఉంటుంది. చివరకు 2024 నవంబరులో ఇంటి యజమాని ఫోన్ చేశాడు. నెలాఖరులోగా తీసుకెళ్లకపోతే పాత ఇనుముకు వేసేస్తానన్నాడు. మందులకు, ఫిజియోథెరపీకి నెలనెలా డబ్బు కావాలి. కుటుంబమంతా నా వైపు చూసింది. విలేకరిని కాబట్టి ఆఫీసుల్లో నాకు పనులు చకచకా అవుతాయని వారి నమ్మకం. ఆ నమ్మకాన్ని పోగొట్టడం ఇష్టం లేక నాలుగు రోజులు సెలవు పెట్టాను.

బండిని తోసుకుంటూ వెళ్లడమే మొదటి పరీక్ష. వెనుక చక్రం తిరగలేదు. బ్రేక్ షూలు డ్రమ్ముకు పట్టేశాయి. ఇద్దరు కుర్రాళ్లు సాయం పట్టి రెండు వీధుల అవతల ఉన్న షెడ్డు దాకా ఈడ్చారు. అక్కడి మెకానిక్ నంబరు చూసి తలెత్తాడు.

‘‘ఏటి బాబూ, తెలుగోళ్లా?’’

ఆయనది ఒడిశాలోని గంజాం జిల్లా. సూరత్ మరమగ్గాల మీద పనిచేసే ఒడియా వారిలో అధిక భాగం ఆ జిల్లా వారే. బరంపురం వైపు తెలుగు తెలిసిన వారు చాలా మంది ఉంటారు. ఆయనా మగ్గం పనికే వచ్చాడు. 2006 వరద తగ్గాక బురదలోంచి తీసిన వందల బండ్లు మెకానిక్‌ల ముందు వరుస కట్టాయి. చేతి కింద మనుషులు కావాలంటే వెళ్లి, ఆ పనిలోనే ఉండిపోయాడు. ‘‘మునిగిన బండి కంటే నిలబడిపోయిన బండే కష్టం బాబూ. మునిగిందానికి ఏటయిందో తెలుస్తాది. దీనికి లోపలేటయిందో మనమే వెతుక్కోవాల’’ అన్నాడు.

నేను కిక్ కొట్టబోతే చేయి అడ్డం పెట్టాడు. ఎక్కువ కాలం ఆగిన బండి విషయంలో అందరూ చేసే తప్పు అదేనట. సిలిండర్ గోడల మీది నూనె ఎప్పుడో కిందికి జారిపోయి ఉంటుంది. పొడి ఇనుము మీద పిస్టన్ రాసుకుంటే గీతలు పడతాయి. ముందు ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలోంచి కాస్త ఇంజన్ ఆయిల్ పోసి గంటసేపు వదిలేశాడు. తరువాత కిక్ రాడ్‌ను చేత్తోనే మెల్లగా కిందికి నొక్కాడు. అది కదిలింది. ‘‘పట్టీలేదు, బతికే ఉంది’’ అన్నాడు.

తరువాత ట్యాంకు. పెట్రోల్‌ను గాజు సీసాలోకి పట్టి వెలుతురులో చూపించాడు. డికాక్షన్ రంగులో ఉంది, వార్నిష్ వాసన వేస్తోంది. సీసా అడుగున నీరు వేరుగా తేలింది. పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం పదిశాతానికి చేరినట్టు ప్రభుత్వం 2022 జూన్‌లో ప్రకటించింది. అప్పటి తదుపరి లక్ష్యం ఇరవై శాతంగా ఉండేది. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. రోజూ నడిచే బండికి దీంతో పెద్ద చిక్కు లేదు, కానీ సగం ఖాళీ ట్యాంకుతో నెలల తరబడి ఆగిన బండిలో నీరు అడుగుకు దిగి తుప్పు మొదలవుతుంది. మెకానిక్ ట్యాంకు ఊడదీసి, గుప్పెడు పాత నట్లు, కొంచెం పెట్రోల్ వేసి, మూత బిగించి గలగలా ఊపాడు. ఎర్రటి నీళ్లు వచ్చాయి. నాలుగుసార్లు కడిగాక గానీ రంగు మారలేదు.

కార్బురేటర్ విప్పితే అడుగున ఆకుపచ్చని జిగురు గడ్డకట్టి ఉంది. బండి నిదానంగా ఆడుతున్నప్పుడు పెట్రోల్ వెళ్లే జెట్ రంధ్రం వెంట్రుకంత ఉంటుంది. అది పూడుకుపోయింది. సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై బండి ఎప్పటికీ పెట్రోల్ తాగుతూనే ఉంటుందని, నానబెట్టి గాలి కొట్టి శుభ్రం చేశాడు. ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో ఎలుక కాపురం పెట్టింది. దాని గూడులో రంగురంగుల పాలిస్టర్ దారపు పోగులు చూసి ఇద్దరం నవ్వుకున్నాం. సూరత్ ఎలుక కదా, పక్కాగా చీరల సరకే వాడింది.

ఏం మార్చాలి, ఏం వదిలేయాలి అన్న దాని మీద మెకానిక్‌కు గట్టి అభిప్రాయాలున్నాయి. కొత్త బ్యాటరీ వేయాలి. ఈ బండి బ్యాటరీ లేకున్నా కిక్‌తో లేస్తుంది కానీ, హారన్ మోగకపోతే కొనేవాడు ఇంకా ఏమేం పోయాయో అని అనుమానిస్తాడు. ట్యూబులు, క్లచ్ వైరు, బ్రేక్ షూలు, ఇంజన్ ఆయిల్ తప్పవు. టైర్ల పక్కన సన్నని పగుళ్లున్నాయి, అవి కొనేవాడికి చూపించి ధర తగ్గించాలి తప్ప దాచకూడదు. రంగు వేయించవద్దు, సీటు కవరు మార్చవద్దు. పాత బండికి కొత్త రంగు చూస్తే ఎక్కడ పడిందోనని జనం వెతుకుతారు. కొనేవాడు వచ్చే ముందు ఇంజన్‌ను వేడి చేసి ఉంచకూడదన్నది ఆయన చివరి సలహా. వేడి ఇంజన్ ఎవడైనా లేపుతాడు. పొద్దున్నే చల్లటి బండి రెండు కిక్కులకు లేచిందంటే అదే సర్టిఫికెట్.

రెండో రోజు సాయంత్రానికి అన్నీ బిగించాడు. పన్నెండు కిక్కులు కొట్టినా లేవలేదు. అప్పుడే చిన్నాయన ఫోన్ చేశాడు. మాట ఇంకా కొంచెం ముద్దగానే వస్తుంది.

‘‘బండి ఎట్లుంది రా?’’

‘‘లేస్తలేదు చిన్నాయనా.’’

‘‘చాబీ బందువెట్టి, చోక్ గుంజి మూడుసార్లు ఊకె తొక్కు. తర్వాత చాబీ తిప్పి ఒక్కటే కిక్కు. యాక్సిలేటర్ ముట్టకు.’’

చెప్పినట్టే చేశాను. ఒకసారి దగ్గి, తెల్లటి పొగ వదిలి, ఆగకుండా ఆడింది. ఫోన్ బండి దగ్గర పెట్టాను. అటునుంచి చాలాసేపు ఏ మాటా లేదు. ఫోన్ కట్ అయిందనుకున్నాను. కాలేదు.

మూడో రోజు కొనేవారు వచ్చారు. పాత సామాన్ల వ్యాపారి నాలుగున్నర వేలు అన్నాడు. బండి ఆడిస్తే ఆరు వేలకు పెంచాడు. తరువాత వచ్చిన యువకుడు వీధి చివరిదాకా నడిపి చూసి, బేరం కూడా ఆడకుండా పదిహేడు వేలు ఇస్తానన్నాడు. నగదు చేతిలోనే ఉంది. ఆయన అడిగింది ఒక్కటే, ఫారం 29, ఫారం 30 మీద యజమాని సంతకాలు. మిగతా గళ్లు ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, పేరు మార్చుకోవడం తరువాత తాను చూసుకుంటాడు. సెకండ్‌హ్యాండ్ బండ్ల బేరాలు దేశమంతటా ఇలాగే జరుగుతాయి. నా చేయి దాదాపు ముందుకు చాచాను.

అంతకు ముందు రోజు ఆర్.సి. కాపీ మీద ఒక సంగతి చూసి ఉండకపోతే డబ్బు తీసుకునేవాడినే. చిన్నాయన బండి అప్పు 2014లోనే తీరిపోయింది. కానీ ఆర్.సి. మీద అప్పిచ్చిన సంస్థ పేరు అలాగే ఉంది. చివరి వాయిదా కట్టాక ఆ సంస్థ నుంచి పత్రం, ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో ఆ పేరు తీయించుకోవాలని ఆయనకెవరూ చెప్పలేదు. పదేళ్లుగా తీరిన అప్పు ఆయన మెడలోనే వేలాడుతోంది.

రెండో చిక్కు నంబరుది. రిజిస్టరైన రాష్ట్రం వదిలి మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి బండిని ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. అందుకు సొంత రాష్ట్రం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ పన్ను కట్టాలి. రోజుకు పన్నెండు గంటల షిఫ్టులో మీటరు లెక్కన కూలి తీసుకునే మనిషి ఆ పత్రం కోసం ఎన్ని రోజుల కూలి వదులుకోవాలి? చిన్నాయన వదులుకోలేదు. తొమ్మిదేళ్లు ఏపీ నంబరుతోనే తిరిగాడు. దారిలో ఆపినప్పుడల్లా ఎంతో కొంత ముట్టజెప్పాడు.

రాజనీతి శాస్త్రం చదివిన నాకు ఆ నంబరు ప్లేటు ఒక పాఠంలా కనిపించింది. హీరో, హోండా విడిపోతున్నట్టు ప్రకటించింది 2010 డిసెంబరులో. రాష్ట్రం విడిపోయింది 2014 జూన్‌లో. రెండు విభజనల మధ్య కొన్న బండి ఇది. ఏపీ నంబరు తీసుకున్న ఊరు తెలంగాణలో చేరింది. కొత్త బండ్లకు టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి అది టీజీ అయింది. సిరిసిల్ల 2016లో జిల్లా కేంద్రమై సొంత కోడ్ తెచ్చుకుంది. బండి మాత్రం వీటన్నిటికీ అవతల, గుజరాత్‌లో, పాత పేరుతోనే నిలబడిపోయింది. దాని యజమానిలాగే. తెలంగాణ ప్రభుత్వం 2017లో బతుకమ్మ చీరల పని సిరిసిల్లకు ఇచ్చినప్పుడు ఆయన ఇక ఇంటికెళ్లిపోదామనుకున్నాడు. ఆ ఏడాది వ్యవధి చాలక కొంత సరకు సూరత్ నుంచే కొన్నారు. మా ఊరి చీరలు ఇక్కడే నేస్తుంటే నేనక్కడికి పోయి ఏం చేయాలని అప్పట్లో ఫోన్‌లో నవ్వాడు.

రాష్ట్రాలు మారే వారి ఇబ్బంది ప్రభుత్వానికి తెలియక కాదు. 2021లో కేంద్రం భారత్ సిరీస్ నంబర్లు తెచ్చింది. ఆ నంబరుంటే రాష్ట్రం మారినా తిరిగి రిజిస్టర్ చేయించనక్కర్లేదు. అయితే అది ప్రభుత్వ, రక్షణ, ప్రభుత్వ రంగ ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకు మించి రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు సంస్థల సిబ్బందికి మాత్రమే. మూడు దశాబ్దాలు రెండు రాష్ట్రాల మధ్య తిరిగిన మగ్గం కార్మికుడు ఆ జాబితాలో లేడు. ఆయనకు గుర్తింపు కార్డిచ్చే యజమానే లేడు మరి.

అయినా పదిహేడు వేలు పదిహేడు వేలే. ఏం చేయమంటావని చిన్నాయనకే ఫోన్ చేశాను. ఖాళీ ఫారాల సంగతి చెప్పాను.

‘‘ఆ పిలగాడు ఎవరికన్న గుద్దితే?’’ అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. చేతులు మారి మారి వెళ్లిన ఒక కారు 2009లో ప్రమాదం చేసింది. రిజిస్ట్రేషన్ మొదటి వ్యక్తి పేరు మీదే ఉంది. ఎప్పుడో అమ్మేశానని ఆయన వాదించాడు. రికార్డుల్లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో ఆయనే యజమాని, పరిహారం బాధ్యత ఆయనదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తేల్చింది. మా బండికి ఇన్సూరెన్స్ కూడా లేదు. ప్రమాదం జరిగితే నోటీసు సిరిసిల్లలో మంచాన ఉన్న మనిషికి వస్తుంది.

అదే చెప్పాను. ఆయన కాసేపు ఆగాడు. ‘‘బండి అమ్ము. నా పేరు మాత్రం అక్కడ ఇడిసిపెట్టి రాకు బిడ్డా’’ అన్నాడు.

యువకుడికి వద్దని చెప్పాను. ఆయనకు కోపం రాలేదు, వింతగా మాత్రం చూశాడు. అప్పు పేరు తీయించాల్సింది కరీంనగర్‌లో, పేరు మార్చాల్సింది సిరిసిల్లలో. ఆర్.సి. గడువు 2027 వరకు ఉంది. వీటన్నిటికీ గుజరాత్ నంబరు తెచ్చుకునే కంటే బండినే ఇంటికి తీసుకెళ్లడం తేలిక. అది వచ్చిన దారినే తిరిగి వెళ్లాలి.

నాలుగో రోజు నిజమైన తయారీ మొదలైంది. హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడ మీద ఛాసిస్ నంబరు చెక్కి ఉంటుంది. దాని మీద తుప్పు, గ్రీజు పేరుకుపోయాయి. మెకానిక్ కిరోసిన్ గుడ్డతో అరగంట రుద్దాడు. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే ఒక్కో అంకె పైకి తేలింది. ఆర్.సి.తో సరిపోల్చాం. ఇంజన్ ఎంత బాగా ఆడినా ఈ అంకెలు కలవకపోతే అది బండి కాదు, ఇనుమే. పాత చలానాలేమైనా ఉన్నాయేమో చూసి, ఉన్న రెండూ కట్టేశాను. కాలుష్య పరీక్ష చేయించాను. థర్డ్ పార్టీ బీమా 714 రూపాయలు, పైన జీఎస్టీ. ఇవన్నీ మొదటి రోజే చూసి ఉండాల్సింది. బండి అమ్మేవారు ముందు తుడవాల్సింది ట్యాంకును కాదు, ఆర్.సి.ని.

సూరత్ స్టేషన్‌లో పార్సిల్ చేసేవారు మొదట చెప్పింది పెట్రోల్ తీసేయమని. నాలుగుసార్లు కడిగి, శుభ్రమైన పెట్రోల్ నింపిన ట్యాంకును మళ్లీ ఖాళీ చేశాం. అది మెకానిక్ సీసాలోకే వెళ్లింది. గోనె పట్టాలు, అట్టలు చుట్టి, మీద వరంగల్ అని రాశారు. మెకానిక్ అద్దాలు రెండూ విప్పి విడిగా నా చేతికిచ్చాడు, దారిలో పగులుతాయని. కూలి లెక్కలో వంద తగ్గించుకుని ‘‘మీ చిన్నాన్నగారికి చెప్పండి, బండి బాగా చూసుకున్నారని’’ అన్నాడు.

వరంగల్‌లో విడిపించుకుని, పెట్రోల్ పోయించి, కరీంనగర్ మీదుగా సిరిసిల్ల నడుపుకుంటూ వెళ్లాను. చీకటి పడుతుండగా వీధిలోకి తిప్పాను. చిన్నాయన అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. నేను ఇంకా ఇంజన్ ఆపలేదు. ‘‘చైను లూజున్నది’’ అన్నాడు.

పది రోజులు బండి ఆయన ఎదురుగానే ఉంది. రోజూ పొద్దున చిన్నమ్మ మేనల్లుడు దాన్ని లేపి రెండు నిమిషాలు ఆడించేవాడు. ఈలోగా నేను కరీంనగర్‌లో అప్పు పత్రం కోసం తిరిగాను. తీరిన అప్పు తీరిందని రాసిచ్చేందుకు మూడుసార్లు రమ్మన్నారు. నా విలేకరి కార్డు అక్కడ ఎవరినీ భయపెట్టలేదు.

కొన్నది అదే ఊళ్లో సైజింగ్ పనిచేసే కుర్రాడు. పంతొమ్మిదిన్నర వేలు. పేరు మారిందని ఫోన్‌కు సందేశం వచ్చేదాకా తాళం చెవి ఇవ్వనన్నాడు చిన్నాయన. ఫారాల మీద ఒక్క గడి ఖాళీ లేకుండా నేను నింపాను. ఆయన ఎడమ చేతి బొటనవేలి ముద్ర వేశాడు. కుడిచేత్తో తెలుగులో గొలుసుకట్టుగా సంతకం పెట్టే మనిషి ముద్ర వేయడం చూడలేక చిన్నమ్మ లోపలికి వెళ్లింది.

లెక్క చూస్తే మేం నష్టపోయాం. మరమ్మతుకు నాలుగు వేల మూడువందలు. పార్సిల్, బీమా, ఫీజులు, జిరాక్సులు కలిపి మరో అయిదు వేలు. చేతికొచ్చింది పది వేల రెండు వందలు. కోసాడ్‌లో ఖాళీ ఫారాలిచ్చి వస్తే పన్నెండు వేల ఏడువందలు మిగిలేవి. నా సెలవులు, రైలు టికెట్లు వేరు. మా బంధువొకాయన ఈ లెక్క నా ముందే చెప్పాడు. కాదనలేకపోయాను.

సందేశం మధ్యాహ్నం వచ్చింది. చిన్నాయన నన్ను రెండుసార్లు చదవమన్నాడు. తాళం చెవి కుర్రాడికిచ్చి, చోక్ ఎలా గుంజాలో చెప్పాడు. కుర్రాడు ఒక్క కిక్కుకు లేపి వీధి మలుపు తిరిగాడు. వెనుక ప్లేటు మీద ఏపీ 15 అలాగే ఉంది, పేరు మాత్రం మా చిన్నాయనది కాదు. చప్పుడు వినబడినంత సేపు ఆయన అటే చూశాడు. తరువాత చిన్నమ్మను పిలిచి, వ్యాయామానికి టైమైంది, చేయి పట్టమన్నాడు.